ఫోన్‌లో 640 ఇళ్లు, చేతిలో అర గ్రౌండు

ప్రశ్న: మా వారూ నేనూ మేడవాక్కంలో అర గ్రౌండు కొన్నాం. 30 × 40 అడుగులు, పడమర ముఖం. ఇంకా ప్లాను గీయించలేదు. మూడేళ్లుగా ఫోన్‌లో ఇళ్ల ఫోటోలు దాస్తున్నాను, 640 అయ్యాయి. ఆర్కిటెక్టుగారికి చూపిస్తే "వీటిలో మీ ఇల్లు ఏదమ్మా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. మా అమ్మమ్మగారిది తణుకు దగ్గర మండువా లోగిలి, నట్టింట్లో ఆకాశానికి తెరిచిన ఖాళీ ఉన్న పెంకుటిల్లు. అలాంటి మండువా ఒకటి ఉండాలని నా కోరిక. మా వారేమో ఎదురింటి ఎలివేషన్ (వీధి వైపు ముందు గోడ రూపం) బాగుంది, అదే దించేద్దాం, గొడవ వదిలిపోతుంది అంటారు. కొత్తగా ఉండాలి, మా ఇల్లు అనిపించాలి. అలాంటి ఆలోచనలు ఎక్కడ వెతకాలి? ఈ చుట్టుపక్కల ఏ కట్టడాలు చూడాలి, చూసి ఏం తెచ్చుకోవాలి? మండువాలో తులసి కోట పెట్టుకోవచ్చా?
ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం:

ముందు ఎదురింటి సంగతి తేల్చేద్దాం. మీ స్థలం పడమర చూస్తోందంటే ఎదురిల్లు తూర్పు చూస్తోంది. వాళ్ల ముందు గోడకు పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం భోజనాల వేళకు నీడ పడిపోతుంది. అదే గోడను వీధి దాటించి మీ వైపు నిలబెడితే దానికి తగిలేది రెండు గంటల నుంచి పొద్దుగూకే దాకా కాసే ఎండ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం 4 గంటలకు చెన్నైలో సూర్యుడు నేలకు సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంత వాలుగా వచ్చే ఎండలో రెండడుగుల సన్‌షేడ్ కిటికీ మీద అడుగూ నాలుగంగుళాల నీడే వేస్తుంది. మిగతా కిటికీ కాలుతూనే ఉంటుంది. అచ్చంగా దించేయడం చట్టరీత్యా కూడా చిక్కే. 1957 నాటి కాపీరైట్ చట్టం కట్టడాలను కళాకృతుల్లో చేర్చింది. కాబట్టి మీ వారితో ఆ చొక్కా తూర్పు ముఖానికి కుట్టింది, మనకు పట్టదు అని చెప్పండి.

మీ అసలు ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. నచ్చిన ప్రతి కట్టడం వెనకా ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. ఎండ కావచ్చు, వాన కావచ్చు, ఇరుకు స్థలం కావచ్చు, చాలని డబ్బు కావచ్చు. ఆ ఇబ్బందిని కట్టినవాళ్లు ఏ ఉపాయంతో దాటారన్నదే మనం ఇంటికి తెచ్చుకోగలిగింది. అదే ఇబ్బంది మనకూ ఉంటే ఆ ఉపాయం మన ఇంట్లో పనిచేస్తుంది. లేకపోతే అలంకారంగా మిగిలిపోయి, రెండేళ్లకు దుమ్ము దులపడానికి కూడా విసుగు తెప్పిస్తుంది.

ఒక ఆదివారం కూర్చుని ఆ 640 ఫోటోలను పన్నెండుకు దించండి. ప్రతి ఫోటోకూ ఒక్క వాక్యం రాయండి. అందులో "బాగుంది", "రిచ్‌గా ఉంది" లాంటి మాటలు రాకూడదు. "వంటింట్లో నిలబడితే గేటు కనిపిస్తోంది", "మెట్ల మలుపులో ఒకరు కూర్చుని చదువుకోవచ్చు", "స్నానాల గదికి వెలుతురుంది కానీ బయటివాళ్లకు లోపల కనపడదు". ఇలా రాయగలిగినవి ఉంచండి. వాక్యం తట్టనివి నిజంగా మీకు నచ్చినవి కావు, తీసిన కెమెరా నచ్చింది. సగానికి సగం ఇక్కడే పోతాయి.

రెండో జల్లెడ ఊరు. రాజస్థాన్ హవేలీ నడవలో ఫౌంటెన్ చల్లదనం ఇస్తుంది, ఎందుకంటే అక్కడి గాలి పొడి, నీరు ఆవిరై వేడిని లాగేస్తుంది. చెన్నై గాలిలో తేమ ముందే ఉంది. ఇక్కడ ఫౌంటెన్ దోమలను పెంచుతుంది. మన అనంతపురం వైపు మందపాటి మట్టిగోడల మిద్దెలు అద్భుతంగా ఉంటాయి. పగటి వేడిని గోడ తాగుతుంది, రాత్రి బయట చల్లబడ్డాక వదిలేస్తుంది. చెన్నైలో మే నెల రాత్రి బయట పెద్దగా చల్లబడదు, గోడ తాగిన వేడి పడకగదిలోకే వస్తుంది. ఇక్కడ మందం కన్నా నీడ, నీడ కన్నా గాలి ముఖ్యం. తుప్పు రంగులో కనిపించే కోర్టెన్ స్టీల్ ముఖద్వారాలు మీ ఫోటోల్లో తప్పకుండా ఉండి ఉంటాయి. పొడి ఊళ్లలో ఆ పైతుప్పు గట్టిపడి లోపలి ఇనుమును కాపాడుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట అది గట్టిపడదు, తినేస్తూ పోతుంది, కింది ఫ్లోరింగ్ మీద ఎర్రటి చారలు కారుస్తుంది.

మూడో జల్లెడ కొలత. ఇళ్ల ఫోటోలు సాధారణంగా వైడ్ లెన్స్‌తో తీస్తారు, పదడుగుల గది పదహారులా కనిపిస్తుంది. కన్ను నమ్మకుండా నేల మీద టైల్స్ లెక్కపెట్టండి. ఈ మధ్య ఇళ్లలో ఎక్కువగా వేసేవి రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్. ఒక వైపు 9, ఇంకో వైపు 12 ఉంటే ఆ హాలు 18 × 24, అంటే 432 చదరపు అడుగులు. మీ స్థలంలో చుట్టూ సెట్‌బ్యాకులు (కట్టకుండా వదలాల్సిన ఖాళీ) వదిలాక, ఉదాహరణకు 23 × 31 మిగిలిందనుకుందాం. అది 713 చదరపు అడుగులు. ఆ ఒక్క హాలే అందులో అరవై శాతం మింగేస్తుంది. టైల్స్ కనిపించకపోతే తలుపు చూడండి, ఏడడుగులు. కుర్చీ కూర్చునే ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. ఇటుక ఒక్కో వరస మూడు అంగుళాలకు కాస్త ఎక్కువ. ఏదో ఒకటి దొరుకుతుంది. ఏదీ దొరకలేదంటే అది కంప్యూటర్ బొమ్మ అయ్యుండొచ్చు, పక్కన పెట్టేయండి.

ఇక మండువా. మీ ఉత్తరంలో నిజమైన స్ఫూర్తి ఇదొక్కటే, మిగతా 640 దీని చుట్టూ తిరుగుతున్నాయి. కానీ అమ్మమ్మగారి మండువాను అలాగే మేడవాక్కం తెస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం.

గోదావరి జిల్లాల లోగిళ్లు చాలావరకు ఒంటి అంతస్తువి. మండువా పన్నెండు అడుగుల వెడల్పు, చుట్టూ చూరు ఎనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే, ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వెడల్పు. ఆకాశం విశాలంగా కనిపిస్తుంది. మీ రెండంతస్తుల ఇంట్లో గోడ ఎత్తు ఇరవై అడుగులు, మండువాకు మీరు ఇవ్వగలిగేది మహా అయితే 6 × 6. ఎత్తులో మూడో వంతు కూడా లేదు. పైనుంచి చూస్తే అది బావి. ఎండ దాని నేలను తాకేది, వేసవిలో కూడా, పదకొండు నుంచి ఒంటిగంట పైచిలుకు దాకా మాత్రమే. చుట్టూ రెండు వైపులైనా మూడేసి అడుగుల నడవ కావాలి కాబట్టి 36 చదరపు అడుగుల మండువా నిజానికి 81 అడుగులు తింటుంది, మీ అంతస్తులో తొమ్మిదో వంతు.

వాన లెక్క ఇంకా ముఖ్యం. 2015 డిసెంబరు మొదట్లో ఇరవై నాలుగు గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి రోజున 6 × 6 మండువాలో నేరుగా పడే నీళ్లు 1,600 లీటర్ల పైన. లోగిలిలో లాగా చుట్టూ పెంకుల వాలు లోపలికే పెట్టి, ఇంకో 400 చదరపు అడుగుల కప్పు నీళ్లు అందులోకే దించితే 18,000 లీటర్లు, అంటే ఒకటిన్నర ట్యాంకర్ లారీ, నట్టింట్లో. అందుకని కప్పు వాలు బయటికే ఉండాలి. మండువా నేల చుట్టుపక్కల నేల కన్నా ఆరంగుళాలు కిందికి, తూము వైపు ఆరడుగులకు ముప్పావు అంగుళం వాలు, 110 మిల్లీమీటర్ల గొట్టాలు రెండు, వేర్వేరు దారుల్లో. ఒకదానికి ఆకు అడ్డం పడితే రెండోది కాపాడుతుంది. పని అయ్యాక తూములు మూసి నాలుగంగుళాల నీళ్లు నలభై ఎనిమిది గంటలు నిలబెట్టి చూడండి, ఆ తర్వాతే పై రాళ్లు పరవండి. ఇంకో సంగతి మర్చిపోతుంటారు. మన వీధులు రోడ్డు వేసిన ప్రతిసారీ నాలుగంగుళాలు పెరుగుతాయి. ఈ రోజు రోడ్డుకు అడుగు ఎత్తున ఉన్న మండువా తూము పదేళ్లకు రోడ్డు కిందికి వెళ్తుంది, అప్పుడు నీళ్లు బయటి నుంచి లోపలికి వస్తాయి. ఇంటి నేల రోడ్డుకు కనీసం మూడడుగుల పైన ఉంచండి, గొట్టం చివర వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించండి.

ఇంత చేశాక కూడా చాలామంది రెండో ఏడు దోమలకో, పిల్లులకో, దొంగల భయానికో పైన పాలీకార్బొనేట్ షీటు కప్పేస్తారు. షీటు కింద వేడి నిలుస్తుంది, వాన పడితే చెవులు చిల్లులు పడతాయి, మూడేళ్లకు పసుపుబారుతుంది. మూత పడ్డ మండువా కన్నా మండువా లేకపోవడం నయం.

అయితే వదిలేయాలా? అక్కర్లేదు. కళ్లు మూసుకుని అమ్మమ్మగారింట్లో మండువా అంటే మీకేం గుర్తొస్తుందో విడివిడిగా రాయండి. ఇంటి నడిమధ్యన పైనుంచి పడే వెలుతురా? చూరు మీంచి జారే వాన చప్పుడా? వంటింట్లో ఉన్న అమ్మమ్మ, వసారాలో ఉన్న తాతయ్య, అరుగు మీది పిల్లలు ఒకరికొకరు కనిపించడమా? ఈ మూడూ లోగిలిలో ఒకే చోట కుదిరాయి, మీ ఇంట్లో మూడు చోట్ల కుదరొచ్చు. వెలుతురుకు మెట్ల పైన ఉత్తరం వైపు నిలువు అద్దం, దానికి అడుగున్నర చూరు. అడ్డంగా పరిచిన అద్దం వద్దు, అది మధ్యాహ్నం పొయ్యి అవుతుంది, ఐప్పసి (తమిళుల అక్టోబరు, నవంబరు నెల) వానకు అంచులో కారుతుంది. తప్పదనుకుంటే చుట్టూ ఆరంగుళాల కట్ట లేపి, వాలుగా, రెండు పొరలు అతికించిన లామినేటెడ్ అద్దమే వేయించండి. ఒట్టి టఫెన్డ్ అద్దం పగిలితే నెత్తిన పడుతుంది. వాన చప్పుడుకు వెనక వసారా మీద నాలుగడుగుల మంగుళూరు పెంకుల వాలు చాలు. ఒకరికొకరు కనిపించడానికి వంటింటికీ భోజనాల బల్లకూ మధ్య గోడను మూడడుగుల ఎత్తున ఆపేస్తే సరి, ఖర్చు తగ్గుతుంది కూడా. ఆర్కిటెక్టుగారికి "మండువా కావాలి" అని చెప్పే బదులు ఈ మూడు మాటలు చెప్పండి. ఆయన మీకు తట్టని నాలుగో దారి చూపిస్తారు.

గాలి గురించి మీ స్థలానికి ఒక అదృష్టం ఉంది. సముద్రం తూర్పున ఉంది, వేసవి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు ఆగ్నేయాల నుంచి వస్తుంది. సముద్రం ఒడ్డునున్న తిరువాన్మియూరు కన్నా మీ వైపు కాస్త ఆలస్యంగా వస్తుంది, వస్తుంది మాత్రం. అది తగిలేది మీ వెనక గోడకు. కాబట్టి రోజంతా మెలిగే గదులు వెనక్కి, తూర్పుకి పెట్టుకుని, పడమర ముందు భాగాన్ని మెట్లు, స్నానాల గది, బట్టల అలమరలు, స్టోరుతో కప్పేయండి. సాయంత్రం ఎండను అవి భరిస్తాయి. మెట్ల గది పైన కిటికీ తెరిచి ఉంచితే వేడిగాలి అటు నుంచి పోతుంది. చిక్కు ఒక్కటే. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయం. గాలి వచ్చేదీ అక్కడి నుంచే. పోపు వేయగానే ఇల్లంతా తెలుస్తుంది. వంటింటి కిటికీ ఒక్కదాని మీదే ఆధారపడకుండా హాలుకు తూర్పున వేరే కిటికీ పెట్టండి, చిమ్నీ గొట్టం తూర్పు గోడకు కాకుండా పైకి తీయించండి, లేకపోతే గాలి పొగను తిరిగి లోపలికే తోస్తుంది. నమ్మకం కుదరడానికి, ఇప్పుడే స్థలంలో ఒక కర్రకు రిబ్బన్ కట్టి వారం పాటు నాలుగు గంటలకు ఎటు ఎగురుతోందో రాసుకోండి. పక్కిళ్లు గాలిని ఎంత మళ్లిస్తున్నాయో అదే చెబుతుంది.

చూడాల్సిన చోట్లకు వద్దాం. మీకు మొదటిది ముట్టుకాడులోని దక్షిణచిత్ర, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద. లారీ బేకర్ తొలి నమూనాతో మొదలై 1996లో తెరుచుకుంది. దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చెట్టినాడు వ్యాపారి ఇంటి దగ్గర అందరూ ఆ చెక్కడపు తలుపు ముందు ఫోటో దిగుతారు. మీరు ముందు మన తీరాంధ్ర చుట్టింటి దగ్గరికి వెళ్లండి. గుండ్రటి మట్టిగోడ, కిందికి దిగిన తాటాకు కప్పు. గాలివానకు పట్టు దొరకకుండా మూలలు లేని గోడ, గోడకు ఎండావానా తగలకుండా దిగిన చూరు. దీన్ని చూసి గుండ్రటి హాలు కట్టించుకోకండి, మంచం ఎటు వేసినా వెనక చోటు వృథా. తెచ్చుకోవలసింది చూరు. అది గోడ దాటి ఎంత ముందుకొచ్చింది, నేలకు ఎంత ఎత్తున ఆగింది, కింద నిలబడితే గోడ ఎంత మేర నీడలో ఉంది, కొలవండి. తర్వాత నల్లగొండ నేత ఇంట్లో మగ్గం దగ్గర కూర్చుని, దారం పోగు కనిపించేంత వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడండి. మీ ఇంట్లో ఎవరైనా కుట్టుమిషను దగ్గరో కంప్యూటరు దగ్గరో రోజంతా కూర్చునేవాళ్లుంటే ఆ ఒక్క జవాబు చాలు, టికెట్ డబ్బు వచ్చేసినట్టే.

ఒక్కో ఇంట్లో అరగంట కూర్చోండి, పది ఇళ్లు పరుగెత్తకండి. ఐదు మీటర్ల టేపు, గళ్ల నోటుపుస్తకం (గడికి అడుగు), పెన్సిలు, రెండు అగరుబత్తులు, ఫోన్‌లో దిక్సూచి. అగరుబత్తి వెలిగించనిచ్చే చోట గుమ్మంలో, కిటికీలో పట్టుకుంటే గాలి దారి కనిపిస్తుంది. తాటాకు, చెక్క ఇళ్ల దగ్గర ఆ పని వద్దు, పలచటి దారప్పోగు చాలు. కొన్నిచోట్ల టేపు తీస్తే కాపలావాళ్లు అడ్డుపడతారు. జానా, మూరా, బారా ఎవరూ ఆపలేరు. మీ జాన ఎన్ని అంగుళాలో ఇంట్లోనే కొలుచుకుని వెళ్లండి. గీసేటప్పుడు ముందు గోడ బొమ్మ కాదు, ఇంటిని కత్తితో నిలువుగా కోస్తే కనిపించే అడ్డకోత గీయండి. అరుగు ఎత్తు, గడప, కిటికీ అడుగు, చూరు, మనిషి. చేయి తిరగకపోయినా పర్వాలేదు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. ఎలివేషన్ ఫోటోలో ఎప్పటికీ దొరకనిది ఇదే.

మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టుపక్కల సందుల్లో ఇంకా కొన్ని పాత ఇళ్లకు తిన్నెలు మిగిలాయి. ఎత్తు సుమారు మూరెడు, కాళ్లు నేలకు ఆనించి కూర్చునేంత. వీధికీ ఇంటికీ మధ్య మూడడుగుల నీడ. పడమర ముఖం ఇంటికి తిన్నె మంచి ఉపాయం, సెట్‌బ్యాకులోకి రాకుండా ఇంటి గోడనే వెనక్కి జరిపి చేయాలి. మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ కూడా చూడండి, రాబర్ట్ చిషోమ్ గీసింది, 1879లో పూర్తయింది, కంటికి పండగ. ఇంటికి మాత్రం గుమ్మటం తెచ్చుకోకండి.

ఒక రోజు పుదుచ్చేరికి పెట్టుకోగలిగితే గోల్కొండ్ గురించి చదివి వెళ్లండి. అరవింద ఆశ్రమం వసతి గృహం, ఆంటోనిన్ రేమండ్ రూపకల్పన, 1930ల చివర పని మొదలైంది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో వచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలి, బయటి నుంచి కూడా ముఖ్యమైనవి కనిపిస్తాయి. ఉత్తరం, దక్షిణం గోడలంతా తెరిచి మూసే అడ్డపలకలే. ఉత్తరానికి ఎండ రాదులే అని మేస్త్రీలు అంటుంటారు. ఈ అక్షాంశంలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే ఒరుగుతాడు, కాబట్టి అటూ నీడ కావాలి. లోపలి ఉపాయం ఇంకా చిన్నది, ఇంకా చవక. గదుల తలుపులు పలకల మధ్య సందులున్న టేకు జారుడు తలుపులు. మూసుకున్నా గాలి ఆగదు, మనిషి కనపడడు. మన ఇళ్లలో పగలంతా ఆడిన గాలి రాత్రి పడకగది తలుపు వేయగానే ఆగిపోతుంది. పై భాగంలో సందులున్న తలుపో, తలుపు పైన అడుగు ఎత్తు వెంటిలేటరో పెడితే ఏసీ వేయాల్సిన నెలలు తగ్గుతాయి. ఏసీ వేసే రోజుల కోసం వెంటిలేటర్‌కు మూసే రెక్క ఉండాలి.

ఆ కట్టడం కప్పు రెండు పొరలు. స్లాబు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, మధ్యలో గాలి. చెన్నై ఇంటికి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అన్నిటికన్నా ఎక్కువ ఎండ తగిలేది పైకప్పుకే, వీధిలోంచి కనిపించదు కాబట్టి దాని మీద ఎవరూ ఖర్చు పెట్టరు. ముందు గోడ మీద రాతి క్లాడింగ్‌కు పెట్టే డబ్బులో సగం కప్పుకు మళ్లించండి. పాత మద్రాసు టెర్రస్‌లో టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలబెట్టి, మూలవాటంగా పేర్చి, సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు మూడు నాలుగంగుళాలు దట్టించేవారు. దూలాలు ఇప్పుడు కుదరవు, పై పొర కుదురుతుంది. స్లాబు మీద సున్నంతో ఇటుక జల్లి, దాని మీద మట్టి టైల్స్. ఈ పని తెలిసిన మేస్త్రీలు చెన్నైలో ఇంకా ఉన్నారు. సున్నం బదులు సిమెంటు కలుపుతామంటే ఒప్పుకోకండి. ఎండకు సాగి ముడుచుకునేటప్పుడు సిమెంటు పగులుతుంది, సున్నం కొంత ఓర్చుకుంటుంది.

జాలీ (రంధ్రాల గోడ) మీద మోజు ఉంటే లోతు చూసుకోండి. నాలుగంగుళాల మందం జాలీ నాలుగు గంటల ఎండను ఆపాలంటే రంధ్రం ఎత్తు రెండున్నర అంగుళాలు మించకూడదు. ఫోటోల్లో కనిపించే ఆరంగుళాల రంధ్రాలు నేల మీద అందమైన నీడ వేస్తాయి, ఆ నీడల మధ్య పడేది ఎండే. వెనక దోమల వల తప్పదు, వలతో గాలి తగ్గుతుంది, కాబట్టి జాలీ మెట్ల గదికి పెట్టండి, పడకగదికి వద్దు.

ఆత్తంగుడి టైల్స్ కాల్చినవి కావు, సిమెంటు, ఇసుక, రంగుతో అద్దం మీద పోసి నీళ్లలో నానబెట్టినవి. నడిచేకొద్దీ మెరుస్తాయి. యాసిడ్ తగిలితే చచ్చిపోతాయి, నూనె మరక పోదు, అందుకని వంటింటికీ స్నానాల గదికీ వద్దు. ఎర్ర గచ్చు కావాలంటే రంగు సిమెంటు బరువులో పదో వంతు దాటకూడదు, ఒక గది ఒకే రోజున పూర్తవాలి, వారం నీళ్లు నిలబెట్టాలి. ఇవి రెండూ చేసే మేస్త్రి పాత పని ఒకటి చూసి వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఎంచుకున్న ఆలోచనలను కాగితం మీద నమ్మకండి. స్థలంలో ముగ్గుపిండితో గదులు గీయండి, బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలిది నాలుగున్నర. ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు పెట్టి ఇంటిల్లిపాదీ గంటసేపు కాపురం చేయండి. మంచానికి 6 × 6¼, దాని పక్కన నడకకు రెండున్నర అడుగులు. ఒక హెచ్చరిక. ఆరుబయట ముగ్గు వేసిన గది ఎప్పుడూ అగ్గిపెట్టెలా కనిపిస్తుంది, గోడలు లేచాక పెద్దదవుతుంది. కంగారుపడి గదులు పెంచేయకండి, కుర్చీ పట్టిందా లేదా అన్నదే లెక్క. ఆ తర్వాత పాత అట్టపెట్టెలతో నమూనా, అడుగుకు 6 మిల్లీమీటర్లు. మీ స్థలం 18 × 24 సెంటీమీటర్లవుతుంది. పక్కిళ్లకు కూడా అట్టముక్కలు నిలబెట్టండి, అవి లేకపోతే నీడ అబద్ధం చెబుతుంది. దిక్సూచితో సరిచేసి పొద్దున తొమ్మిది, పన్నెండు, నాలుగు గంటలకు ఎండలో పెట్టి చూడండి. మీరు చూసిన రోజు ఎండ మాత్రమే అందులో తెలుస్తుంది కాబట్టి మే 15, డిసెంబరు 21 తేదీల నీడలు కంప్యూటర్‌లో చూపించమని ఆర్కిటెక్టుగారిని అడగండి.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పన్నెండు వాక్యాలు, మీరు కొలిచిన అడ్డకోతలు రెండు మూడు, రిబ్బన్ లెక్క, మండువా నుంచి తీసిన మూడు కోరికలు ఒక కాగితం మీద రాసివ్వండి. ఫోటోలు ఆయన అడిగితేనే చూపించండి.

తులసి కోట. ధనుర్మాసంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి 36 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. ఇరవై అడుగుల గోడల మధ్య ఆ ఎండ నేలకు చేరాలంటే ఉత్తరదక్షిణాలు దాదాపు పదిహేను అడుగులుండాలి. ఆరడుగుల మండువాలో తులసికి ఆ నెలంతా ఒక్క నిమిషం నేరుగా ఎండ తగలదు, సంక్రాంతికి ఆకు రాలుస్తుంది. వెనక తూర్పు సెట్‌బ్యాకు చూడండి. ఇప్పుడే అక్కడ ఒక కుండీలో మొక్క పెట్టి, పక్కింటి నీడ దాని మీంచి ఎన్నింటికి తొలుగుతోందో నెల రోజులు రాసుకోండి. రోజుకు ఐదు గంటల ఎండ దొరికిన చోటే కోట కట్టించి, వంటింటి కిటికీ ఆ ఎదురుగా వచ్చేలా గీయమనండి.